పందివీపు మీద వాన

వేసవి సెలవుల్లో అమెరికాలో మా తమ్ముడింటికి వెళ్ళివచ్చానని తెలిసిన దగ్గరనుంచి, కనపడ్డవారల్లా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "నయాగరా చూశారా?" చూశానండీ. చాలా నీళ్ళు. దాన్ని గురించి రాసినవారు కావలసినంతమంది ఉన్నారు, రాయబోయేవారు అంతకు రెట్టింపు ఉంటారు. కనక ఈ వారం నేను చెప్పబోయేది ఎవరూ నన్ను అడగని ఒక కొండ సంగతి. అది వెర్మాంట్ రాష్ట్రంలో ఉంది. పేరు హాగ్‌బ్యాక్. తెలుగులో చెప్పుకోవాలంటే పందివీపు. 1946 నుంచి 1986 దాకా, అంటే నలభై ఏళ్ళపాటు, జనం దానిమీద మంచులో జారి ఆడుకున్నారు. తరవాత అందరూ వెళ్ళిపోయారు. అప్పటినుంచీ అడవి దాన్ని కొంచెంకొంచెంగా వెనక్కి తీసుకుంటోంది. మేము వెళ్ళిననాడు వాన.

ఆ కొండదాకా ఎందుకు వెళ్ళవలసివచ్చిందో ముందు చెప్పాలి. అందులో నా తప్పు కొంత ఉంది.

మా తమ్ముడు కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ పక్కన ఉంటాడు. ఇన్సూరెన్సు కంపెనీలకు పేరుపడ్డ ఊరది. మనవాళ్ళు చాలామంది అక్కడ ఆ కంపెనీల కంప్యూటర్లతో కాపరం చేస్తున్నారు, వీడూ అంతే. వీడికి ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం ఇంగ్లీషులోకి దిగుతుంది. వచ్చే చలికాలం వాళ్ళ బడిలో స్కీ క్లబ్బులో చేరాలని దాని ముచ్చట. శుక్రవారం బడి వదలగానే పిల్లల్ని బస్సులో కొండకు తీసుకువెళ్ళి, జారడం నేర్పించి, రాత్రికి ఇంటికి చేరుస్తారట. బస్సు, టికెట్టు, అద్దెకిచ్చే సరంజామా, నేర్పే మాష్టరు అన్నీ కలిపి 500 పైచిలుకు డాలర్లు. మా తమ్ముడు వద్దన్నాడు. ఆ ఏడు వాళ్ళ ఆఫీసులో పక్క సెక్షన్‌వాళ్ళని కొంతమందిని ఇంటికి పంపేశారు. ఆ భయం వాడి గొంతులో ఉంది గాని, పిల్లతో ఆ మాట ఎలా చెబుతాడు?

అక్కడ నేను ఊరుకుని ఉండవలసింది. ఊరుకోకుండా, పప్పన్నం కలుపుతూ, "మంచులో జారిపడటానికి అంత డబ్బు పొయ్యాలటే? వానాకాలం మా తెనాలి రా, ఏ వీధిలోనైనా ఉచితంగా జారిపడచ్చు" అన్నాను. మా తమ్ముడు పకపకా నవ్వాడు. మరదలు నవ్వలేదు. పిల్ల కంచంలో చెయ్యి కడిగేసుకుని, నాకు ఇంగ్లీషులో గుడ్‌నైట్ చెప్పి మేడమీదికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో చమత్కారాలు విసిరి విసిరి, ఏది ఎక్కడ తగులుతుందో చూసుకునే అలవాటు పోయింది కాబోలు నాకు.

మర్నాడు శనివారం. వెర్మాంట్ కొండలు చూపిస్తానని మా తమ్ముడు ముందే మాట ఇచ్చాడు. తెల్లారేసరికి వాన. మరదలికి ఆఫీసుపని తగిలింది. పులిహోర మూట కట్టి ఇచ్చి, "వదినగారూ, చీరతో కొండ ఎక్కుతారా?" అని తన పంట్లామూ, రెయిన్‌కోటూ నాకు తొడిగించి పంపింది. అద్దంలో నన్ను నేను చూసుకుని ఎవరో పోస్టుమాను అనుకున్నాను. మామూలుగా ఐతే దానికి మా మేనకోడలు పడీపడీ నవ్వాలి. చెవుల్లో పాట పెట్టుకుని వెనకసీట్లో కూర్చుంది.

కనెక్టికట్ నది వెంట గంటన్నర ఉత్తరానికి వెళితే బ్రాటిల్‌బరో అనే ఊరు వస్తుంది. అక్కడినుంచి పడమరకు తొమ్మిదో నెంబరు రోడ్డు కొండల్లోకి ఎక్కుతుంది. మలుపు మలుపుకీ పొగమంచు చిక్కబడింది. రోడ్డు బాగా ఎత్తుకు చేరినచోట కారు ఆపడానికి జాగా, పక్కన చిన్న మ్యూజియం ఉన్నాయి. అక్కడ నిలబడితే మూడు రాష్ట్రాలు కనిపిస్తాయని ప్రతీతి. దానికి 'నూరుమైళ్ళ దృశ్యం' అని పేరు. మాకు పది గజాలు కనిపించింది. మా తమ్ముడు "సారీ అక్కా" అన్నాడు, పొగమంచును తానే తెచ్చినట్టు.

"మరి ఇంతదూరం వచ్చి కారులో కూర్చుని పులిహోర తినాలా? నడుద్దాం పద" అన్నాను. మిట్టమీద మౌంట్ ఓల్గా అనే శిఖరం, దానిమీద అడవి తగలబడితే చూసి చెప్పడానికి కట్టిన ఇనప బురుజూ ఉన్నాయి. శిఖరం ఎత్తు 2,415 అడుగులు. దానికి పోయే బాట ఈ పాత స్కీ కొండమీదుగానే.

స్కీ చూడనివారికోసం ఒక్కమాట. కాళ్ళకు పొడుగాటి సన్నని బద్దలు రెండు తగిలించుకుని, చేతుల్లో రెండు కర్రలు పుచ్చుకుని, మంచు పట్టిన వాలుమీద జారడమే స్కీ. జారే పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. కష్టమంతా పైకి ఎక్కడంలోనే. ఒక్క నిమిషం జారడానికి అరగంట ఎక్కాలంటే ఎవరు ఎక్కుతారు? 1934 లో ఈ వెర్మాంట్‌లోనే, ఉడ్‌స్టాక్ అనే ఊళ్ళో, ఒక రైతు పచ్చికబీట్లో దీనికి ఉపాయం చేశారు. పాత ఫోర్డు కారు ఇంజనుకు తాడు తగిలించి, కొండమీద గిలక వేసి తిప్పారు. పరిగెత్తే తాడును చేత్తో పట్టుకుంటే అది మనిషిని పైకి ఈడ్చుకుపోతుంది. అమెరికాలో అటువంటి తాడు అదే మొదటిది. రెండేళ్ళకు ఐడహో రాష్ట్రంలోని సన్ వాలీలో కుర్చీలు వచ్చాయి. ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల యంత్రం తెలిసిన రైల్వే ఇంజనీరు ఒకాయన, గెల వేలాడేచోట కుర్చీ వేలాడదీసి మనిషిని కూర్చోబెట్టాడు. తాడుకూ కుర్చీకీ మధ్యరకం ఒకటుంది: టీ-బార్. ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులు చేసినట్టుండే కర్ర పైన తీగకు వేలాడుతూ వస్తుంది. ఇద్దరు చెరోపక్కా నిలబడి, నడుముకింద దాన్ని ఆనించుకుంటే చాలు, తోసుకుపోతుంది. కూర్చున్నారో, ఇద్దరూ కిందపడతారు. ఇదంతా నాకెలా తెలుసంటారా? మా మేనకోడలు వాళ్ళ నాన్నకు చెబుతుంటే వెనకనుంచి విన్నాను. నాతో ఇంకా పలుకు లేదు.

చెట్లు నరికి కొండ నెత్తినుంచి కాళ్ళదాకా పాపిడి తీసినట్టు వేసిన బాటలట అవి ఒకప్పుడు. ఇప్పుడా పాపిడి పూడుకుపోతోంది. కొన్నిచోట్ల నడుములోతు ఫెర్నులు, కొన్నిచోట్ల నా మణికట్టంత లావు కుర్రచెట్లు, కిక్కిరిసి, ఒకేసారి బడిలో చేర్చిన పిల్లల్లా ఒకే ఎత్తున ఉన్నాయి. వాటికి అటూ ఇటూ అసలు అడవి పెద్దవాళ్ళలా నిలబడి ఉంది. వాన ఆకులమీద పడి, ఆగి, తీరుబడిగా మన నెత్తిన పడుతుంది. మధ్యమధ్య పొదల్లోనుంచి తుప్పుపట్టిన ఇనప స్తంభం తల ఎత్తుతుంది; తీగ లేదు, కర్రలు లేవు. ఇంకొంచెం పైన బండిచక్రంకన్నా పెద్ద ఇనపచక్రం, దాని ఆకులమధ్యనుంచి చిన్న మొక్క మొలిచింది. ఎవరూ దిగని స్టేషనులో రైలు ఆగినట్టు ఉంది ఆ చోటు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు కొంచెం జలదరించింది.

"అత్తా! తొక్కకు!"

ఆ పూట నాతో మా మేనకోడలు అన్న మొదటి మాట అది. నా బూటుకు జానెడు దూరంలో, తడిసిన ఆకులమీద, కుంకుమ కలిపిన పసుపు ముద్దలా ఒక చిన్న జంతువు. బల్లి అందామంటే ఒంటిమీద పొలుసుల్లేవు. కప్ప అందామంటే తోక ఉంది. రెడ్ ఎఫ్ట్ అంటారట. నీళ్ళలో పుట్టి, కొన్నేళ్ళు ఇలా ఎర్రగా అడవిలో తిరిగి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుందట. వాన పడితేనే ధైర్యంగా బాటమీదికి వస్తుంది. దాని ఒంట్లో విషం ఉంది కనక పక్షులు ముట్టవు. అందుకే అంత తీరిక నడక. అక్కడినుంచి శిఖరందాకా ఇరవైమూడు లెక్కపెట్టాం. లెక్క తనది, తొక్కకుండా నడవడం నా వంతు. అన్నట్టు, ఎండ కాస్తే ఒక్కటీ కనిపించేది కాదు.

సగం దూరంలో ఒక ముసలావిడ కనిపించింది. పసుపుపచ్చ వానకోటు, చేతులకు తొడుగులు, పక్కన చిన్న రంపం. ఒక పొదను రెండుచేతులా పట్టుకుని వేళ్ళతో సహా పీకుతోంది. మా తమ్ముడు సాయానికి వెళ్ళాడు. "వానలోనే వేళ్ళు సులువుగా వస్తాయి, అందుకే వచ్చాను" అంది ఆవిడ. బక్‌థార్న్ అనే మొక్కట. ఎక్కడో ఐరోపానుంచి వచ్చి, ఇక్కడి మొక్కల్ని బతకనివ్వకుండా కమ్మేస్తుంది. మనకు సర్కారుతుమ్మలాగ. చెట్లు నరికి ఖాళీగా వదిలేసిన నేల అంటే ఇటువంటివాటికి పండగ. ఆవిడా, ఊళ్ళోవాళ్ళు మరికొందరూ వంతులు వేసుకుని వచ్చి పీకుతారు. జీతం లేదు.

ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమైంది, నాది ఆవిడకు ముప్పాతిక. అయినా ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడానికి అది చాలు. ఆవిడ పాలవ్యాపారం చేసే రైతు కూతురు. స్కీ నేర్చుకున్నది ఈ వాలుమీదే, మా మేనకోడలికన్నా చిన్న వయసులో. వారానికి ఒక మధ్యాహ్నం బడి వదిలి పిల్లలందర్నీ ఇక్కడికి తోలుకువచ్చేవారట.

మా మేనకోడలు నోరు విప్పింది: "టికెట్టు ఎంత ఉండేది?"

"ఉండేది, కాని మేము కొనేవాళ్ళం కాదు" అంది ఆవిడ. రాత్రి కొత్తమంచు పడితే, పొద్దున్నే పిల్లలు వచ్చి, కాళ్ళకు బద్దలు కట్టుకుని, పక్కపక్కన నిలబడి అడుగులో అడుగు వేస్తూ కొండంతా తొక్కాలి. మెత్తటి మంచు అలా గట్టిపడితేగాని జారడానికి పనికిరాదు. తొక్కినవాళ్ళకు ఆరోజు టికెట్టు ఊరికే. మడి తొక్కినందుకు కూలి ధాన్యం కొలిచినట్టు! ఆవిడ అన్నదమ్ములు బద్దలు ఒకరి తరవాత ఒకరు వాడుకునేవారు. చివరిది కనక ఆవిడ వంతుకు వచ్చేసరికి వాటి మొనలు అరిగిపోయి ఉండేవట.

"మరి ఎందుకు మూసేశారు?" అన్నాను.

ఆవిడ వేళ్ళు మడిచి చెప్పిన కారణాలకు, ఇంటికి వచ్చాక నేను చదివి తెలుసుకున్నవి కలిపి చెబుతాను. ఒకటి, ఆకాశం. 1970 ల్లో, 80 ల్లో కొన్ని చలికాలాలు మంచు సరిగా పడలేదు. 1950 లో కనెక్టికట్‌లోనే, మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో, ముగ్గురు కలిసి రంగుచిమ్మే కంప్రెసరుకు తోటకు నీళ్ళుపట్టే గొట్టం తగిలించి, చలిలో నీటితుంపర చిమ్మి, మనిషి చేసిన మంచు కురిపించారు. చక్కటి ఆలోచనే. కాని అది చెయ్యడానికి చెరువు కావాలి, పంపులు కావాలి, కొండపొడుగునా గొట్టాలు కావాలి. డబ్బున్న కొండ మంచు కొనుక్కుంది. లేని కొండ ఆకాశంకేసి చూస్తూ కూర్చుంది. రెండు, పెట్రోలు. 1973 లో ధర మండిపోయేసరికి ఆదివారం సరదాకి కారు తీసేవాళ్ళు తగ్గారు. మూడు, పొరుగు. కొన్ని మైళ్ళ దూరంలోనే 1954 లో మౌంట్ స్నో అనే పెద్ద స్కీ కొండ వెలిసింది. పెద్దకొట్టు పక్కన చిల్లరకొట్టు ఎన్నాళ్ళు?

నాలుగో కారణం చెబుతూ ఆవిడ మా తమ్ముణ్ణి చూసి నవ్వింది, హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చామని అప్పటికే చెప్పాం కనక. ఇన్సూరెన్సు. 1974 లో వెర్మాంట్‌లో ఇంకో కొండమీద, కొత్తవాళ్ళు జారే బాటలో, మంచుకింద దాగిన చిన్నపొద తగిలి ఒక కుర్రవాడు పడ్డాడు. మరి లేవలేదు. 1977 లో జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్లు ఇప్పించింది. మరుసటి ఏడు రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆ కుర్రవాడికి న్యాయం జరగవద్దని ఎవరంటారు? కాని ఆ తీర్పుతో అన్ని కొండల ఇన్సూరెన్సు చందాలూ పెరిగాయి. ఆటగాడికి కూడా తన జాగ్రత్త తనకు ఉండాలని అదే ఏడు చట్టం తెచ్చారు గాని, అప్పటికే ఆదివారంనాడు నలుగురు చుట్టుపక్కల రైతుల పిల్లలకు తాడు తిప్పేవాడికి లెక్క తప్పింది. మా మేనకోడలు వాళ్ళ నాన్నకేసి తిరిగి, "అంటే ఇది మీ ఆఫీసు పనేనన్నమాట" అంది. అది తెలుగులోనే అంది.

న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఆ ఆరు రాష్ట్రాల్లో ఇలా మూతపడ్డ స్కీ కొండల చిట్టా ఒకటి 1998 నుంచి కొందరు పట్టుదలగా రాస్తున్నారు. 600 దాటాయి. కొన్ని ఒక్క తాడు మాత్రం ఉన్న పచ్చికబీళ్ళు. కొన్ని హోటలు వెనక పెరడులు. మిగిలినవి బలిసి మహాకొండలయ్యాయి. 2024-25 చలికాలంలో కొలరాడోలోని వెయిల్‌లో, రద్దీరోజుల్లో, కిటికీ దగ్గర కొంటే ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటింది. పక్కనున్న మౌంట్ స్నో కూడా 2019 లో ఆ కంపెనీ చేతుల్లోకే వెళ్ళింది. ముందుగా సీజను పాసు కొనుక్కుంటే చవకే అంటారు. కాని కాలు నిలుస్తుందో లేదో తెలియని పిల్లకు సీజనంతా ఎవరు కొంటారు? 500 డాలర్లు ఎక్కువ అన్న మా తమ్ముడిదీ తప్పు కాదు, ముచ్చటపడ్డ పిల్లదీ తప్పు కాదు. మధ్యలో హాస్యమాడినదానిదే తప్పు.

మూసేశాక ఈ కొండను అమ్మకానికి పెట్టారు. ఇళ్ళు కడతారన్నారు. మార్ల్‌బరో చిన్న ఊరు. అయినా ఊళ్ళోవాళ్ళు సంఘం పెట్టి, చందాలు ఎత్తి, ప్రభుత్వ గ్రాంట్లు తెచ్చి దాదాపు 600 ఎకరాలు కొన్నారు. 2010 లో కొండ ఊరిపరమైంది. అడవిగానే ఉంచాలి, అందరూ నడవాలి, అదీ షరతు. "మళ్ళీ స్కీ పెట్టాలని మీకు లేదా?" అని అడిగాను. ఆవిడ పీకిన మొక్క వేళ్ళకున్న మట్టి దులుపుతూ, "ఉండేది. ఇప్పుడు ఈ చెట్లను ఎవరు నరుకుతారు? నేనైతే నరకను" అంది. తరవాత మా మేనకోడల్ని పిలిచి చెట్లలో ఏదో చూపించింది.

రాతిగోడ. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిమీద రాయి పేర్చిన మోకాలెత్తు గోడ, అడవి మధ్యలో, ఎక్కడినుంచో వచ్చి ఎక్కడికో పోతోంది. అడవికి గోడ ఎందుకు? అప్పుడిది అడవి కాదు గనక. 1811 లో లిస్బన్‌లో అమెరికా కాన్సలుగా ఉన్న విలియం జార్విస్ అనే ఆయన స్పెయిను జాతి మెరీనో గొర్రెల్ని వెర్మాంట్‌కు తెచ్చాడు. ఉన్నికి గిరాకీ పెరిగి, రైతులు కొండలన్నీ నరికి బీళ్ళు చేశారు. 1840 నాటికి ఆ రాష్ట్రంలో మనుషులు మూడులక్షలలోపు, గొర్రెలు పదహారు లక్షలపైన! తరవాత ఉన్ని ధర పడిపోయింది. పడమట సారవంతమైన భూములు దొరికాయి. రైతులు గోడలు వదిలి వెళ్ళిపోయారు. అడవి వచ్చింది. ఆ అడవి నరికి స్కీ బాటలు వేశారు. అవీ వదిలేశారు. మళ్ళీ అడవి వస్తోంది. నేను పాడుపడ్డ కొండ అనుకుని జాలిపడుతూ వచ్చాను. దానికి ఇదేమీ కొత్త కాదు. ఎవరు వచ్చినా కొన్నాళ్ళు ఉండనిచ్చి పంపేస్తుంది.

పైకి పోయినకొద్దీ చెట్ల రంగు మారింది. తెల్లటి బెరడు, కాగితంలా పొరలుపొరలుగా విడిపోతోంది. అక్కడివాళ్ళు పేపర్ బర్చ్ అంటారు. ఒక ఊడిన పొర చేతిలోకి తీసుకున్నానో లేదో నాలోని తెలుగు మేడం లేచింది. ఇది మన హిమాలయాల భూర్జవృక్షానికి దాయాది! భూర్జపత్రం అని పుస్తకాల్లో ఎన్నిసార్లు పాఠం చెప్పానో, చేత్తో ముట్టుకున్నది ఆరోజే. కాళిదాసు 'విక్రమోర్వశీయం' లో ఊర్వశి పురూరవుడికి ప్రేమలేఖ రాసింది దీనిమీదనేనే అని మా మేనకోడలికి చెప్పాను. అది ఆ పొరను అటూ ఇటూ తిప్పి, "వానలో తడవదా?" అని అడిగింది. ఎమ్మే పరీక్షలో కూడా నన్నెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. తడవదు. మా ఎదుటే నీళ్ళు జారిపోయాయి.

శిఖరంమీద ఇనప బురుజు సగంనుంచి పైకి మబ్బులోకి మాయమైంది. పిల్ల ముందుగా ఎక్కి పైనుంచి కేకేసింది, "ఏమీ లేదు! అంతా తెలుపు!" అని. కింద మెట్లదగ్గర నేనూ, మా తమ్ముడూ పులిహోర విప్పాం.

"అక్కా, సైకిలు గుర్తుందా?" అన్నాడు వాడు.

ముప్ఫైయేళ్ళుగా మా మధ్య ఎన్నడూ రాని మాట. వాడికి పదేళ్ళప్పుడు సైకిలు కావాలని మూడురోజులు అన్నం మానేశాడు. మా నాన్నగారు బడిపంతులు; నెలాఖరు. వద్దన్నారు. వద్దనడం ఆయనకూ బాధే అయుంటుంది, నోరెత్తలేదు. నేను మాత్రం పక్కనుంచి, "సైకిలు కొంటే ఎక్కడికి తొక్కుతావురా, ఏ దేశం ఏలడానికి?" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. ఇంకో నాలుగేళ్ళకు కొన్నారు గాని, అప్పటికి వాడికి దానిమీద మోజు పోయింది.

"గుర్తుందిరా" అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. నేనూ అనలేదు. పులిహోర వానకు చల్లబడిపోయింది, అయినా బాగుంది.

దిగేటప్పుడు గడ్డి బాగా ఏపుగా ఉన్న ఒక వాలుమీద మా మేనకోడలు ఆగింది. వాళ్ళ నాన్నను చూసింది, నన్ను చూసింది. వానకోటు వెనక్కి సర్దుకుని కూర్చుని, కాళ్ళు పైకెత్తి, జర్రున జారిపోయింది. ముప్ఫై గజాల కింద ఫెర్నుల్లోనుంచి నవ్వు వినపడింది. వెనకే మా తమ్ముడు, నలభై దాటినవాడు, ఇన్సూరెన్సు లెక్కలు చూసుకునేవాడు, వాడూ కూర్చున్నాడు. ఇక నేను మిగిలాను. తెనాలి వీధుల్లో జారిపడటానికీ దీనికీ తేడా ఉంది సుమండీ. అక్కడ మనకు తెలియకుండా జారతాం. మరదలి పంట్లాం సంగతి ఆవిడకు తరవాత ఎలా చెప్పుకున్నానో అది వేరే కథ.

కిందికి వచ్చేసరికి ముసలావిడ తన సంచి సర్దుకుంటోంది. మా ముగ్గురి వెనకభాగాలూ చూసి, ఏమీ అడగకుండానే అంతా గ్రహించింది. బ్రాటిల్‌బరోలో ఊరి పార్కులో చిన్న గుట్ట ఒకటి ఉందని, టీ-బార్ కూడా ఉందని చెప్పింది. దాన్ని నడిపేది ఊళ్ళోవాళ్ళే, జీతాలు లేకుండా. టికెట్టు కొద్ది డాలర్లు. "పెద్దదేం కాదు. నేర్చుకోవడానికి పెద్దది అక్కర్లేదు" అంది. మా తమ్ముడు ఆ పార్కు పేరు రెండుసార్లు అడిగి ఫోనులో రాసుకున్నాడు. హార్ట్‌ఫర్డ్‌నుంచి ఎంతసేపో మాకు తెలుసు. పొద్దున వచ్చిన దారే.

తిరిగివెళ్ళేటప్పుడు అక్కడ ఆగాం. వాన ఇంకా వదలలేదు. ఆటస్థలాలు, ఈతకొలను, వాటి వెనక పచ్చటి గుట్ట. ఇనప స్తంభాలు వరసగా పైకి పోతున్నాయి. వీటికి తీగ ఉంది, పొదలు లేవు. మా మంగళగిరి కొండముందు పెడితే ఇది మెట్టు. మా మేనకోడలు కారు ఆగీ ఆగకముందే దిగి, కిందనుంచి పైకి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. పైన కాసేపు నిలబడింది. మళ్ళీ లెక్కపెట్టుకుంటూ దిగింది. మా తమ్ముడు కారులోనుంచి దిగకుండా, వైపర్లు ఆడిస్తూ చూస్తూ కూర్చున్నాడు.

తడిసిన జుట్టుతో వచ్చి వెనకసీట్లో నా పక్కన కూర్చుని, ఎన్ని అడుగులు వచ్చాయో నా చెవిలో చెప్పింది. వాళ్ళ నాన్నకు చెప్పమని అడగలేదు. నేను చెప్పాను.